61,407వ అగ్గిపుల్ల

సముద్రం అడుగు నుంచి పైకి తీసిన తమ్ముడి బోటు పెట్టెను తెరిచి చూస్తే, ఒక్కసారికి మించి ఎవరూ వాడలేరని మైలపిల్లి నూకరత్నం పదకొండు రేవులకు హామీ ఇచ్చిన ముద్ర అందులో రెండుసార్లు పడి ఉంది.

నంబరు 61,407. మొదటిది ఎర్ర దీపం. రెండోది పచ్చ దీపం.

రత్నం కుర్చీలోంచి లేవలేదు. ఎవర్నీ పిలవలేదు. కంప్యూటరు తెరను పైకి జరిపింది, కిందికి జరిపింది. రెండూ అక్కడే ఉన్నాయి. పెట్టె మూత సందుల్లో ఇంకా బురద ఇసుక ఉంది. పాత టూత్‌బ్రష్‌తో దాన్ని మెల్లగా ఒక కాగితం మీదకు దులిపి, కాగితం మడిచి సొరుగులో పెట్టింది. అలా ఎందుకు చేసిందో ఆమెకే తెలియలేదు.

ఇరవై రెండు రోజులుగా ఆమె అలాగే ఉంది. అన్నం పెడితే తింటుంది. పడుకోమంటే పడుకుంటుంది. రుషికొండ మీది ప్రయోగశాలకు టంచనుగా తొమ్మిదింటికి వస్తుంది. సముద్రం కనిపించే కిటికీకి మాత్రం తెర దించేసుకుంటుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ప్రతి మరబోటుకూ, దాన్ని నడిపే సరంగు గదిలో అరచేతి వెడల్పు పెట్టె ఒకటి ఉంటుంది. పచ్చ దీపం వెలిగితే వేటకు పోవచ్చు. ఎర్ర దీపం వెలిగితే ఉన్నపళంగా వెనక్కి రావాలి. తెల్ల దీపం వెలిగితే రేవు గొంతుతో ఏదో చెబుతుంది, వినాలి. ఒకప్పుడు ఆ దీపాలకు మామూలు డిజిటల్ తాళాలే కాపలా. క్వాంటం కంప్యూటర్లు వచ్చాక ఆ తాళాలు పెంకుల్లా పగిలాయి. నాలుగేళ్ల కిందట ఎవరో దొంగ ఎర్ర దీపాలు పంపారు. బోట్లన్నీ వలలు వదిలేసి ఒడ్డుకు పరిగెత్తాయి. మర్నాడు వెళ్ళి చూస్తే వలలూ లేవు, చేపలూ లేవు.

అప్పుడు డాక్టర్ వేదుల కామేశం 'గొలుసు' తయారుచేశారు. రేవు పంపే ప్రతి సందేశమూ దాని ముందు సందేశానికి లంకెలా తగులుకుంటుంది. ప్రతి లంకె మీదా ఒక ముద్ర ఉంటుంది. ఆ ముద్రను క్వాంటం యంత్రం కూడా కల్పించలేదు. గొలుసులో పడ్డ మాటను దాన్ని తయారుచేసినవాళ్ళు కూడా చెరపలేరు.

ఇరవై రెండు రోజుల కిందటి ఆ గురువారం గాలివాన ఉన్నట్టుండి దిక్కు మార్చుకుంది. పది గంటల నలభై నిమిషాలకు ఎర్ర దీపం సందేశం పంపింది రత్నమే. బటన్ నొక్కిన వేలు ఆమెదే. తమ్ముడు పోలరాజు సరంగుగా ఉన్న బోటు వెనక్కి తిరగడం తెర మీద కళ్ళారా చూసింది. ఊపిరి పీల్చుకుని పక్క గదిలో పాఠం చెప్పడానికి వెళ్ళింది. పన్నెండున్నరకు తిరిగొచ్చి చూస్తే ఆ చుక్క తెర మీద లేదు. ఇంటిముఖం పట్టిన బోటు మధ్యలో మళ్ళీ సముద్రంలోకి మళ్ళినట్టు దాని జాడ చెబుతోంది.

బోటులో ఏడుగురు. నలుగురు శవాలై దొరికారు. పోలరాజు దొరకలేదు.

గొలుసులో ఉన్నది ఎర్ర దీపం ఒక్కటే. కాబట్టి విచారణ సంఘం పని తేలికైపోయింది. ఎర్ర దీపం చూసి కూడా, నీళ్ళలో వదిలేసిన వలల మీద ఆశతో సరంగు బోటు మళ్ళించాడు. మిగిలిన ఆరుగురి చావుకూ అతనే బాధ్యుడు, అని రాసేసింది. ఆ నివేదిక కింద సాక్షిగా సంతకం చేసినవాళ్ళలో రత్నం ఒకతె.

పదకొండింటికి ఆమెకు పాఠం ఉంది. పెట్టె మూత బిగించి, వెళ్ళింది.

కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల నుంచి వచ్చిన పన్నెండుమంది డెవలపర్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. సోమవారం వాళ్ళ రేవుల్లో ఇవే పెట్టెలు బిగించాలి. తుఫాను నుంచీ ఆపి ఉంచిన విశాఖ బోట్లను మళ్ళీ వేటకు వదిలేదీ ఆ సోమవారమే. ఇవాళ శుక్రవారం.

రత్నం ఎప్పటిలాగే అగ్గిపెట్టె పైకెత్తి చూపించింది.

"రేవు సందేశాలు పంపే పెద్ద పెట్టెలో ఇలాంటి పుల్లలు పది లక్షలు ఉన్నాయనుకోండి. ఒక్కో సందేశానికీ ఒక్కో పుల్ల. వరస నంబరు ప్రకారం గీస్తుంది. గీసిన పుల్ల కాలిపోతుంది. దాన్ని మళ్ళీ గియ్యలేం. ఈ ముద్ర బలమంతా అక్కడే ఉంది. ఉప్పుగాలికి బోట్లలో గడియారాలు పాడైపోతాయి, అందుకని బోటు పెట్టె వేళ చూడదు. నంబరే దానికి గడియారం."

పుల్ల గీసింది. మంట పాక్కుంటూ కిందికి వచ్చింది.

"మేడం! వేలు!" అని ముందు బెంచీలో అమ్మాయి అరిచింది.

రత్నం పుల్ల కింద పడేసింది. చూపుడువేలి కొన తెల్లబడింది. నొప్పి ఎక్కడో పక్కింట్లో పుట్టినట్టుంది.

ఆ అమ్మాయి పేరు కొక్కిలిగడ్డ మేరీ. నిజాంపట్నం. పాఠం మొదలైన నాటి నుంచీ ప్రశ్నలతో చంపుతోందని మిగిలినవాళ్ళు ఏడిపిస్తుంటారు.

"మేడం, ఒక డౌటండీ."

"అదిగో, మొదలెట్టింది," అన్నాడు వెనకనుంచి కాకినాడ కుర్రాడు.

"నువ్వాగు బాబూ. మేడం, గైడ్‌లో నలభై రెండో పేజీలో ఉంది కదండీ. అదే నంబరుతో ఇంకోటి వస్తే పాత సందేశమే మళ్ళీ వచ్చిందనుకుని, పోల్చి చూడకుండా కొత్తగా వచ్చినదాన్ని చూపించెయ్యమని. ఒకవేళ అది వేరే సందేశం అయితేనండీ?"

ఆ గైడ్ రాసింది రత్నం. ఆ వాక్యం రాసింది రత్నం. పోల్చి చూస్తే పెట్టెకు రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది, బ్యాటరీ ఖర్చు. ఒకే నంబరు రెండోసారి రావడం అసాధ్యం కదా అని కామేశం సారే అన్నారు. అవును కదా అని తనూ అనుకుంది.

"నలభై రెండో పేజీ చింపెయ్యండి," అంది రత్నం.

బెంచీల మీద గైడ్‌ల పేజీలు తిరిగాయి.

"ఒకే నంబరు రెండుసార్లు వస్తే, రెండూ వేరైతే, పెట్టె ఎర్ర దీపం వెలిగించి అక్కడే ఆగిపోవాలి. రాసుకోండి. సోమవారం లోపల మార్చాలి."

"ఎందుకని మేడం?"

"నేను తప్పు రాశాను గనక," అని చెప్పి, తరువాతి పాఠంలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కామేశం గారి గదిలోకి వెళ్ళి రెండు ముద్రలూ ఆయన ముందు పెట్టింది.

అరవై రెండేళ్ల మనిషి. చేతిలో బొటనవేలంత పెన్సిలు ముక్క, దానికి తగిలించిన ఇత్తడి తొడుగు. బల్ల మీద వచ్చిన కవర్లనే లోపలివైపు తిప్పి అంటించిన కొత్త కవర్లు. పదిహేనేళ్ల కిందట జాలారిపేట మునిసిపల్ బడికి లెక్కల పోటీ పెట్టడానికి వచ్చి, తొమ్మిదో తరగతి రత్నాన్ని పట్టుకుని కాలేజీ దాకా నడిపించింది ఈయనే.

ఆయన ల్యాప్‌టాప్ తెరను తన వైపు తిప్పుకున్నారు.

"ఎవరికైనా చెప్పావా అమ్మాయ్?"

"లేదు సార్."

"చెప్పకు. ఇది శత్రువు పని. మనం ఊహించని యంత్రం ఏదో ఎవరి దగ్గరో తయారైంది. మన ముద్రను విరగ్గొట్టారు. బ్యాంకులు, రైళ్ళు, కరెంటు, అన్నీ ఈ రకం ముద్రల మీదే నడుస్తున్నాయి. బయటికి పొక్కితే దేశం అల్లకల్లోలమైపోతుంది."

"మరి సోమవారం బోట్లు?"

"పోనీ. ఆపితే మనకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోతుంది."

"మా తమ్ముడి పేరు సార్?"

కామేశం గారు పెన్సిలు చెక్కడం మొదలుపెట్టారు. "నిదానంగా సర్దుకుంటుందమ్మా. అన్నీ సర్దుకుంటాయి."

రత్నం తల ఊపి బయటికి వచ్చింది. వరండా చివరి దాకా నడిచి ఆగింది. లోకంలో ఏ తాళాన్నైనా విరగ్గొట్టగల యంత్రం చేతిలో ఉన్నవాడు బ్యాంకులు వదిలేసి, రైళ్ళు వదిలేసి, ఏడుగురున్న ఒక్క చేపల బోటుకు పచ్చ దీపం ఎందుకు చూపిస్తాడు? చూపించినా, అప్పుడే వాడేసిన నంబరే ఎందుకు ఎంచుకుంటాడు?

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తల్లి ఎల్లమ్మ గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలు బాగుచేస్తోంది. పక్క వాకిట్లో పైడమ్మ నీళ్ళ బిందె ఎత్తుకుని, వీళ్ళ వైపు చూడకుండా లోపలికి పోయింది. పైడమ్మ మొగుడు పోలరాజు బోటులోనే కళాసీ. దొరికిన నలుగురిలో అతనొకడు. ఇరవై రెండు రోజులుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. ఆ వీధిలో ఎవరికీ ఈ ఇంటితో మాటల్లేవు.

"అమ్మా, ఆ రోజు ఫోన్లో తమ్ముడు ఏమన్నాడు?"

ఎల్లమ్మ కత్తిపీట మీంచి చెయ్యి తియ్యలేదు. "ఎందుకే? అప్పుడు సెప్తే నమ్మినావా? నీ గొలుసులో లేదన్నావు."

"మళ్ళీ చెప్పు."

"ఏటున్నాది సెప్పడానికి? అమ్మా, పచ్చగా ఎలిగినాది, వలలు ఒగ్గీసి వచ్చినాం, ఎల్లి తీసుకొని వొచ్చెస్తాం, కూరొండి ఉంచు అన్నాడు. గాలికి సరిగ్గా ఇనబడలేదు. సరేరా అన్నాను. అంతే."

ఆ రోజు సాయంత్రం ఇదే గుమ్మంలో తల్లి ఇదే మాట చెబితే, రత్నం ఆమె భుజాలు పట్టుకుని, 'అమ్మా, పచ్చ దీపం రాలేదు, గొలుసులో లేదు, వాడు నీతో అబద్ధం చెప్పాడు' అంది. వీధి వీధంతా వింది. మిగతాది వీధి చూసుకుంది.

"వాడు నిజమే చెప్పాడమ్మా," అంది ఇప్పుడు.

ఎల్లమ్మ ఇంకో చేప తీసుకుంది. పొలుసు రాల్చింది. తల తీసేసింది.

"ఆ ముక్క పైడమ్మకి సెప్పు," అంది. "నాకెందుకు, నాకు తెలుసు."

శనివారం పొద్దున్న రత్నం ఢిల్లేశ్వరరావును పట్టుకుంది. టెక్కలి మనిషి. ప్రయోగశాలకు ఎలక్ట్రీషియనూ, స్టోరుకీపరూ, డ్రైవరూ అన్నీ అతనే. అందరూ ఢిల్లీ అంటారు.

"ఢిల్లీ, ఆ గురువారం పదకొండు దాటాక నువ్వెక్కడున్నావు?"

అతని మొహంలో రంగు పోయింది. "నానేటీ సెయ్యలేదు మేడమ్‌గారూ. మేడ మీద ఏంటెన్నా వైరు ఊడి ఉంటే బిగించినాను. పదకొండూ ఇరవైకి. రిజిస్టర్లో రాసినాను కూడా."

"ఎవరు ఊడదీశారు?"

"పొద్దున్న తొమ్మిదింటికి పెద్ద సుట్టాలొచ్చినారు గదండీ, సూట్లేసుకొని. పెద్దసారే దీపాలు ఎలిగించి సూపించినారు. సూపించినప్పుడల్లా సారే వైరు తీసి, సారే పెడతారు. ఆ రోజు పెట్టడం మరిసిపోనారు కామోసు."

"విచారణవాళ్ళకు ఈ సంగతి చెప్పలేదా?"

"నన్నెవరడుగుతారండీ? నన్నడిగితే టీ అడుగుతారు."

దూరం బోట్లకూ అందాలని ఎర్ర దీపం ఒక్కటీ యాంటెన్నా వదిలి ఉపగ్రహం దారిన వెళ్తుంది, ఆ గురువారం అలాగే వెళ్ళింది. యాంటెన్నా ఊడి ఉన్న సంగతి ఎవరికీ తెలియలేదు. వైరు ఊడి ఉన్నంతసేపూ మిగతా సందేశాలు మేడ మీది యంత్రంలో వరసలో నిలబడి ఉంటాయి. వైరు బిగించగానే వెళ్ళిపోతాయి. పదకొండూ ఇరవైకి ఏం వెళ్ళింది? ఒడ్డు చేరిన బోట్లలో పెట్టెలు ఆపేస్తారు. ఆ యాంటెన్నా అందేంత దూరంలో, ఇంకా నీళ్ళ మీద, ఇంటిముఖం పట్టి ఉన్న బోటు ఆ వేళకు ఒక్కటే.

రత్నం ఢిల్లీ రిజిస్టరు తీసుకుని, విశాఖ రేవు సందేశాలు పంపే పెద్ద పెట్టె ఉన్న గదిలోకి వెళ్ళింది. పెట్టెను ఆన్ చేసిన ప్రతిసారీ ఢిల్లీ గుండ్రటి అక్షరాలతో రాస్తాడు. మొత్తం మూడువందల నలభై సార్లు. పెట్టె కూడా తనంతట తాను లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్కను లోపలి చిప్ మీద చెక్కుకుంటుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. మీట నొక్కి చూసింది.

మూడువందల డెబ్బై నాలుగు.

ముప్ఫై నాలుగు ఎక్కువ.

అతిథుల పుస్తకం తెరిచింది. రెండేళ్లలో డెమోలు చూసి, ప్రశంసలు రాసి, సంతకాలు పెట్టి వెళ్ళిన బృందాలు పదిహేడు. పదిహేడు రెళ్ళు ముప్ఫై నాలుగు. డెమోకు ముందు ఒకసారి, తరవాత ఒకసారి. పెట్టెకు కాపీ తియ్యాలన్నా, తీసిన కాపీ తిరిగి పెట్టాలన్నా, ఆపి మళ్ళీ ఆన్ చెయ్యాలి. కాపీ ఎక్కించే అర తలుపు తాళంచెవి ఒక్క కామేశం గారి దగ్గరే ఉంది.

గైడ్‌లో మొదటి పేజీలో మొదటి వాక్యం: పెట్టెకు కాపీ తియ్యరాదు. కాపీ తిరిగి పెడితే పెట్టె తాను గీసిన పుల్లల్ని మరిచిపోతుంది. గీసినవే మళ్ళీ గీస్తుంది. ఆ వాక్యాన్ని రత్నం చేత రాయించింది కామేశం గారే.

ఆమె పుస్తకం మూసింది. తొమ్మిదింటి పచ్చ దీపం, 61,407. డెమో అయ్యాక పెట్టె ఆ నంబరు మరిచిపోయింది; వైరు లేదు గనక గొలుసుకూ ఎక్కలేదు. పది నలభైకి తను నొక్కిన ఎర్ర దీపం, మళ్ళీ 61,407. పదకొండూ ఇరవైకి ఢిల్లీ వైరు బిగించాడు. వరసలో మిగిలిపోయిన పచ్చ దీపం సముద్రం మీదకు పోయింది; గొలుసులో ఆ నంబరు చోటు అప్పటికే ఎర్ర దీపానిది. బోటు పెట్టె నంబరు చూసింది. నలభై రెండో పేజీలో చెప్పినట్టు చేసింది.

ఎలా జరిగిందో తెలిసింది. ఎందుకో తెలియలేదు. ఇంత చదువుకున్న మనిషి, తనే వద్దని రాయించిన పని, పదిహేడుసార్లు ఎందుకు చేశాడో తెలియలేదు.

ఆదివారం పొద్దున్న సీతమ్మధారలో ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన స్నానంలో ఉన్నారు. భార్య సుభద్రమ్మ గారు ఆమెను తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళి పీట వేశారు.

"చిక్కిపోయావమ్మా రత్నం. ఉండు, కాఫీ ఇస్తాను. మీ సారు కూడా ఈమధ్య సరిగ్గా తినడం లేదు. మొన్న శుక్రవారం రాత్రి మాత్రం ఏం బుద్ధి పుట్టిందో, అడిగి పెట్టించుకున్నారు."

ఒక పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. సుభద్రమ్మ గారు గట్టు మీది హార్లిక్స్ డబ్బాలోంచి కాలిన అగ్గిపుల్ల ఒకటి తీశారు. దాని నల్లటి కొనను పాల కింది మంటకు అందించారు. పుల్ల వెలిగింది. ఆ మంటను రెండో పొయ్యికి తగిలించి, పుల్ల ఊదేసి, మళ్ళీ డబ్బాలో వేశారు.

రత్నం ఆ డబ్బా వంక చూసింది. నిండా కాలిన పుల్లలు.

"నవ్వకు తల్లీ. మా అత్తగారి అలవాటు, ఈయనకు పట్టింది. కాలిన పుల్ల పారేస్తే ఇంట్లో యుద్ధమే. ఒక పుల్లకి నాలుగు పొయ్యిలు వెలగాలంటారు. లైటరు కొనండి మహానుభావా అంటే, పుల్లలుండగా అదెందుకూ అంటారు."

కాలిన పుల్ల మళ్ళీ వెలగదని పాఠం చెబుతూ వచ్చింది తను. వెలుగుతుంది. పక్కన ఇంకో మంట ఉంటే చాలు.

ఆమె లేచి, డబ్బాలోంచి ఒక పుల్ల తీసుకుని హాల్లోకి వెళ్ళింది. కామేశం గారు తల తుడుచుకుంటూ బయటికి వచ్చి ఆమె చేతిలో పుల్లను చూశారు. తువ్వాలు పట్టుకున్న చెయ్యి తల మీదే ఆగిపోయింది.

"మూడువందల డెబ్బై నాలుగు సార్," అంది రత్నం.

ఆయన కూర్చున్నారు.

"పదిహేడు డెమోలు."

వంటింట్లోంచి గ్లాసుల చప్పుడు వస్తోంది. ఆయన ఆ వైపు చూసి, మళ్ళీ నేల వంక చూశారు.

"నువ్వు నివేదిక ఇచ్చెయ్యమ్మా. నేను అడ్డు చెప్పను."

"నేనిస్తే, తమ్ముడి కోసం అక్క లెక్కలు తిప్పిందంటారు. బోటు పెట్టె మూడు వారాలు ఉప్పునీళ్ళలో నానింది, దాన్ని నమ్మలేమంటారు. గొలుసులో ఎర్ర దీపమే ఉంది సార్. గొలుసులో లేని మాట మా అమ్మ చెబితే నేనే నమ్మలేదు."

కామేశం గారు తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"సాయంత్రం నాలుగింటికి బోట్లన్నిటికీ పరీక్ష సందేశం ఉంది. మీ గొంతుతోనే కదా?"

"అవును."

"అది గొలుసులో పడుతుంది."

"తెలుసు."

"మా అమ్మ హార్బర్‌లో ఉంటుంది సార్."

సుభద్రమ్మ గారు కాఫీ తెచ్చారు. రత్నం చివరి గుక్క దాకా తాగి, గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించి, వెళ్ళొస్తానండీ అని చెప్పి వచ్చేసింది. పుల్ల మాత్రం టీపాయ్ మీద వదిలేసింది.

నాలుగు కావస్తుండగా హార్బర్ కిటకిటలాడుతోంది. ఆరువందల పైచిలుకు బోట్లు పక్కపక్కన ఒరుసుకుంటూ ఉన్నాయి. తెల్లారితే వేట. డీజిలు డ్రమ్ములు దొర్లుతున్నాయి, ఐసు దిమ్మలు పగులుతున్నాయి. ఎల్లమ్మ జెట్టీ మీద వలల కుప్ప పక్కన కూర్చుంది. రత్నం ఆమె పక్కన నిలబడింది. ఇరవై అడుగుల దూరంలో పైడమ్మ, వీపు ఇటు తిప్పి, తన మరిది బోటుకు బియ్యం మూట అందిస్తోంది.

"ఎందుకు రమ్మన్నావే?" అంది ఎల్లమ్మ.

"విందువుగాని."

ఆయన చెబుతారో లేదో రత్నానికి తెలియదు. చెప్పకపోతే ఏం చెయ్యాలో కూడా ఆలోచించలేదు. వేలికొన మీద కాలిన బొబ్బను బొటనవేలితో నొక్కి చూసుకుంది. కాస్త నొప్పి తెలిసింది.

నాలుగింటికి ఆరువందల పెట్టెల్లోనూ ఒకేసారి తెల్ల దీపం వెలిగింది. ఒకే గొంతు ఆరువందల చోట్ల నుంచి, ఒకదాని వెనక ఒకటి రవ్వంత ఆలస్యంగా, నీళ్ళ మీద మోగింది.

"నమస్కారం. నా పేరు వేదుల కామేశం. ఈ పెట్టెలు తయారుచేసింది నేను. ఇది పరీక్ష సందేశం కావలసింది. కాదు.

"ఆ గురువారం పొద్దున్న తొమ్మిదింటికి అతిథులు వచ్చారు. యాంటెన్నా వైరు తీసేసి, వాళ్ళకు పచ్చ దీపం వెలిగించి చూపించాను. అలా చూపించినప్పుడల్లా కొన్ని ముద్రలు ఖర్చవుతాయి. పది లక్షలున్నాయి. అయినా నాకు ప్రాణం ఒప్పేది కాదు. ముందు పెట్టెకు కాపీ తీసుకునేవాణ్ణి. వాళ్ళు వెళ్ళాక ఆ కాపీ వెనక్కి పెట్టేవాణ్ణి. పెట్టె ఆ ఖర్చును మరిచిపోయేది. వరసలో మిగిలిన సందేశాన్ని నా చేత్తో తుడిచేసి, వైరు పెట్టేసేవాణ్ణి. పదహారుసార్లు ఏమీ కాలేదు. పదిహేడోసారి ఫొటోకు రమ్మన్నారు. వెళ్ళాను. తుడవలేదు. వైరు పెట్టలేదు. దాన్ని తరవాత బిగించిన మనిషికి ఏమీ తెలియదు. అతని తప్పేమీ లేదు."

డీజిలు డ్రమ్ముల చప్పుడు ఆగిపోయింది. పైడమ్మ చేతిలో బియ్యం మూట సగం గాల్లోనే ఉంది.

"ఆ సాయంత్రానికే నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజున జాలారిపేట వెళ్ళాను. సరంగు తల్లిగారు నాకు మజ్జిగ ఇచ్చారు. మా వాడు పచ్చ దీపమే చూశాడు బాబూ, మీరైనా చెప్పండి అన్నారు. నేను మజ్జిగ తాగి, గ్లాసు ఆమె చేతికిచ్చి వచ్చేశాను. మొన్న శుక్రవారం రత్నం వచ్చి అడిగితే, శత్రువు పని అన్నాను. ఆ మాట అన్నాక ఆ రాత్రి నాకు ఆకలేసింది. అన్నాళ్ళలో అదే మొదటిసారి. శత్రువెవరూ లేరు. గైడ్‌లో రత్నం రాసిన వాక్యంలో తప్పుంటే, అది నా మాట నమ్మి రాసిన తప్పు."

పైడమ్మ మూట కింద పెట్టింది. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ఎల్లమ్మ పక్కన, వలల మీద కూర్చుంది. ఎల్లమ్మ కాస్త పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.

"సరంగు మైలపిల్లి పోలరాజు ఎర్ర దీపం చూసి వెనక్కి తిరిగాడు. పచ్చ దీపం చూసి వలల కోసం వెళ్ళాడు. రెండుసార్లూ దీపం చెప్పినట్టే చేశాడు. ఎర్ర దీపం రేవుది. పచ్చ దీపం నాది. ఆ ఏడుగురినీ చంపింది నేను.

"రేపు బోట్లు తియ్యకండి. పెట్టెలన్నీ సరిచేసేదాకా తియ్యకండి. ఈ సందేశం ముద్ర నంబరు 61,452. దీన్ని వెనక్కి పెట్టను."